సుద్దముక్కతో ఎండను కొలిచాక

మా బాల్కనీ పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు మూడున్నర. తలుపు తెరుచుకునే జాగా, బట్టలు ఆరేసుకునే జాగా పోతే మొక్కలకి మిగిలేది మహా అయితే పదిహేను చదరపు అడుగులు. అందులోంచి వారానికి రెండు మూడు పూటలకి సరిపడా ఆకుకూర, ఇంట్లోకి చాలినంత పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి వస్తున్నాయి. చూసినవాళ్లు "నీ చెయ్యి మంచిది" అంటారు. చెయ్యి సంగతేమో కానీ, నాకు దారి చూపించింది మాత్రం ఒక సుద్దముక్క. ముందు దాని గురించే చెప్పాలి.

మొదటి ఏడాది ఆరు టమాటా మొక్కలు పెట్టాను. బాల్కనీ చివర రెండడుగుల పిట్టగోడ, దాని మీద ఇనుప గ్రిల్. బయటికి దగ్గరగా ఉంటే ఎండ బాగా తగులుతుందని కుండీలన్నీ ఆ పిట్టగోడకి ఆనించి నేల మీద వరసగా సర్దాను. మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగాయి. కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు దూరం. కాడ నిలబడలేక పక్కకి వాలిపోయేది. ఎరువు చాలలేదేమో అనుకుని ఎరువు వేశాను. ఇంకా సాగాయి. పూత కాస్త వచ్చింది, అదీ రాలిపోయింది. రెండున్నర నెలలకి ఆరు మొక్కల మీద కలిపి మూడు కాయలు.

అమ్మ పొలం చేసిన మనిషి. ఫోన్‌లో అంతా విని, "ఎండ ఎంతసేపు పడుతోందే?" అని అడిగింది.

"బాగానే పడుతుందమ్మా."

"బాగానే అంటే ఎంత? ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి పోతుంది?"

నా దగ్గర జవాబు లేదు. నిజానికి నేను ఎప్పుడూ చూడలేదు. ఆ బాల్కనీ ఎప్పుడు చూసినా వెలుతురుగానే కనిపించేది.

ఆ ఆదివారం పొద్దున్నే కుండీలన్నీ లోపలికి జరిపి, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాను. ఏప్రిల్ నెల. మా బాల్కనీ తూర్పు ముఖం. ఎదురింటి మేడ దాటి సూర్యుడు పైకి వచ్చేసరికి ఏడుంబావు అయింది. గంటకోసారి ఎండకీ నీడకీ మధ్య ఉన్న అంచు వెంట గీత గీసి, పక్కన టైం వేసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి నేలంతా గీతలే. అవి చూస్తే నేను అనుకున్నదంతా తలకిందులని తెలిసింది.

పిట్టగోడ మొదట్లో, అంటే నేను టమాటాలు పెట్టిన చోట, ఎండ పడింది పదకొండు దాటాకే. పావు తక్కువ పన్నెండుకల్లా వెళ్లిపోయింది. ముప్పావు గంట కూడా లేదు. పొద్దుటి ఎండనంతా పిట్టగోడే అడ్డుకుంటోంది. వింత ఏమిటంటే లోపలి గోడ పక్కన, ఎప్పుడూ చీకటిగా ఉంటుందని చీపురు, బకెట్ పెట్టే మూలలో, ఎనిమిది నుంచి పదిన్నర దాకా రెండున్నర గంటల ఎండ ఉంది. ఏటవాలుగా వచ్చే ఎండ పిట్టగోడ మీదుగా దూకి అక్కడ పడుతోందన్నమాట. ఇక పిట్టగోడ పై అంచున, గ్రిల్ దగ్గర, ఏడుంబావు నుంచి పావు తక్కువ పన్నెండు దాకా నాలుగున్నర గంటలు. చోటు అదే. నేల మీద ముప్పావు గంట, రెండడుగుల ఎత్తులో నాలుగున్నర గంటలు.

మన కన్ను చాలా సర్దుకుపోతుంది. వెలుతురు తగ్గితే కనుపాప పెద్దదై, ఉన్న కాస్త వెలుతురులోనే అంతా చక్కగా చూపించేస్తుంది. అందుకే కిటికీకి ఆరడుగుల దూరంలో ఉన్న మూల కూడా మనకి వెలుతురుగానే అనిపిస్తుంది. మొక్కకి ఆ సౌకర్యం లేదు. ఆకు మీద పడిన వెలుగు ఎంతో, అది వండుకునే తిండి అంతే. కాయలు కాసే మొక్కలకి, అంటే టమాటా, మిరప, వంగ, బెండలకి, రోజూ ఆరు గంటల నేరుటెండ కావాలి. ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. పుదీనా, బచ్చలి రెండు మూడు గంటలున్నా బతుకుతాయి, కాకపోతే మెల్లగా పెరుగుతాయి.

అందుకే ఎవరైనా "ఏం మొక్కలు పెట్టను?" అని అడిగితే నేను మొక్క పేరు చెప్పను. ముందు ఒక ఆదివారం గీతలు గీయమంటాను. గీతలు చూశాక ఏ మొక్క పెట్టాలన్నది దానంతట అదే తేలిపోతుంది. మనకి ఇష్టమైన మొక్క తెచ్చుకుని ఉన్న చోటులో ఇరికించడం మొక్కకీ కష్టమే, మనకీ కష్టమే.

మర్నాడే పిట్టగోడ ఎత్తుకి రెండు స్టాండ్లు చేయించాను. పై అంచున మిరప రెండు, చెర్రీ టమాటా ఒకటి, మెంతి, తోటకూర. నాలుగున్నర గంటలు పెద్ద టమాటాకి చాలవు. మిరప, చిన్న కాయల టమాటా ఆ ఎండతో కూడా కాస్తాయి, కాపు తక్కువే అయినా కాస్తాయి. లోపలి గోడ పక్కన పుదీనా, బచ్చలి. పిట్టగోడ మొదట్లో ఏమీ లేవు. చీపురు, బకెట్ అక్కడికి మారాయి.

స్టాండ్లు చేయించే ముందు బరువు సంగతి ఆలోచించండి. ఇరవై లీటర్ల టబ్బులో వట్టి మట్టి నింపి తడిపితే ముప్పై కిలోలు దాటుతుంది. అలాంటివి నాలుగు పెడితే ఇద్దరు మనుషులు రాత్రీ పగలూ అక్కడే నిలబడినట్టు. గోడలోంచి బయటికి వచ్చిన బాల్కనీ స్లాబు మీద బరువు చివరికి వెళ్లే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే పెద్ద కుండీ ఏదైనా ఉంటే లోపలి గోడ వైపే ఉంచుతాను. గ్రిల్ వైపు తేలిక కుండీలే. మట్టి కూడా మూడో వంతే వాడతాను. మిగతాది ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక వంతు బాగా మాగిన ఎరువు, పైన గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌లో ఉప్పు ఉండే అవకాశం ఉంది కాబట్టి నానబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి పిండి వాడుకోవాలి. అది నీటిని పట్టి ఉంచుతుంది కానీ, అందులో మొక్కకి తిండి దాదాపు ఏమీ ఉండదు. తిండంతా ఎరువుదే.

కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది చెబుతారు. నేనూ వేసేదాన్ని. ఇప్పుడు వేయడం లేదు, ఎందుకో మీకు చూపిస్తాను. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకుని నీళ్లలో ముంచి, అడ్డంగా అరచేతిలో పెట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పి పట్టుకోండి. ఆగిపోయిందనుకున్న నీళ్లు మళ్లీ కారతాయి. స్పాంజి అదే, ఎత్తు మారిందంతే. మట్టి కూడా అంతే. ఎంత చిల్లులున్న కుండీ అయినా అడుగున కొంత మేర తడి నిలిచే ఉంటుంది. రాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్ల మీదికి, వేళ్లకి ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది తప్ప పోదు. పైగా వేళ్లకి దక్కాల్సిన మట్టి తగ్గుతుంది. రాళ్ల బదులు లోతున్న కుండీ తీసుకోవడం మేలు. ఆకుకూరలకి ఆరేడు అంగుళాల లోతు చాలు. మిరపకి పది పన్నెండు లీటర్లు, టమాటాకి పదిహేను నుంచి ఇరవై లీటర్లు పట్టే కుండీ ఉండాలి. అడుగు చిల్లు మీద చిన్న వల ముక్క వేస్తే మట్టి జారిపోదు.

నీళ్ల విషయంలో నాకు బుద్ధి చెప్పింది మా కింది ఫ్లోర్ పెద్దాయన. ఒకరోజు సాయంత్రం తలుపు తట్టి, "అమ్మాయ్, నువ్వు మొక్కలకి పోసిన నీళ్లన్నీ మా దుప్పట్లే తాగుతున్నాయమ్మా" అన్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన విసుక్కోలేదు. లోపలికి వచ్చి చూశారు. మట్టి బాగా ఎండిపోయి కుండీ అంచు నుంచి విడిపోయి ఉంది. నేను పోసే చెంబుడు నీళ్లు ఆ సందులోంచి జారి నేరుగా కిందికి పోతున్నాయి. వేళ్ల దగ్గర మట్టి పొడిగానే ఉంది.

"ఒకేసారి కుమ్మరించొద్దమ్మా. ముందు ఒక గ్లాసు పొయ్యి. పది నిమిషాలు ఆగి, మట్టి మెత్తబడ్డాక ఇంకో గ్లాసు. పోసే ముందు కుండీ కాస్త ఎత్తి చూడు, బరువే చెబుతుంది" అన్నారు.

అప్పటి నుంచి నేను టైం ప్రకారం నీళ్లు పోయడం మానేశాను. చిన్న కుండీలైతే ఎత్తి చూస్తాను. పెద్దవైతే చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో దించుతాను. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజుకి అక్కర్లేదు. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్లు పోసేవాళ్లున్నారు. వేళ్లు తాగేదానికన్నా ఆకులు ఆవిరి చేసేది ఎక్కువైనప్పుడు మొక్క అలా వాలుతుంది, చల్లబడ్డాక తేరుకుంటుంది. సాయంత్రానికీ లేవకపోతేనే మట్టి చూడాలి. ప్రతి కుండీ కిందా ప్లేటు పెట్టాను. ప్లేటులో చేరిన నీళ్లు అరగంటలో తీసి వేరే కుండీకి పోస్తాను. నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి, వేళ్లూ కుళ్లుతాయి.

ఇక గింజల దగ్గరికి వస్తే, నాకు అన్నిటికన్నా ప్రాణం కొత్తిమీర. అది చాలామందిని ఏడిపిస్తుంది, నన్నూ ఏడిపించింది. ఒక ధనియాన్ని అరచేతిలో పెట్టుకుని దగ్గరగా చూడండి. అది ఒక గింజ కాదు. గీతలున్న గుండ్రటి కాయ. దాని నడిమికి సన్నటి అతుకు కనిపిస్తుంది. అందులో రెండు గింజలు ముఖాముఖి అతుక్కుని ఉంటాయి. గుప్పెడు ధనియాలు చదునైన నేల మీద పోసి, చెప్పు అడుగుతోనో చెక్కతోనో మెల్లగా, మెల్లగా అంటే నిజంగా మెల్లగా, రాస్తే చిన్న చిటుకు వినిపిస్తుంది. ఒక్కో ధనియం రెండు బద్దలుగా విడిపోతుంది. పప్పు నలగకూడదు. ఆ బద్దల్ని ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, అర అంగుళం లోతున చల్లి మట్టి కప్పాలి. ఆ తర్వాత ఓపిక పట్టాలి. మెంతులు మూడు నాలుగు రోజులకే తల ఎత్తుతాయి. కొత్తిమీర వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు తీసుకుంటుంది. నాలుగో రోజున మొలక రాలేదని మట్టి కెలికితే ఉన్నదీ పోతుంది.

దానికి నిటారుగా దిగే తల్లివేరు ఉంటుంది. పీకి ఇంకో చోట నాటితే అలుగుతుంది. అందుకే పెరగాల్సిన కుండీలోనే విత్తాలి. ఎండ ముదిరితే ఆకులు సన్నగా దారాల్లా మారి, కాడ పైకి లేచి పూతకి వచ్చేస్తుంది. అది మన తప్పు కాదు, దాని తీరే అంత. వేసవిలో నేను దాన్ని లోపలి గోడ వైపు పెడతాను, లేదా ఆ రెండు నెలలూ వేయకుండా ఊరుకుంటాను. పూతకి వచ్చినదాన్ని కూడా పీకేయను. ఆ తెల్లటి చిన్న పూల గుత్తుల మీదికి ఎక్కడెక్కడి పురుగులో వస్తాయి. వాటిలో మనకి పనికొచ్చేవి చాలా ఉంటాయి.

మొదటిసారి పెంచేవాళ్లు మాత్రం మెంతితోనే మొదలుపెట్టండి. ఒత్తుగా చల్లుకోవచ్చు, ఇరవై ఇరవై అయిదు రోజుల్లో కోతకి వస్తుంది. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పగా పడదు. వేరుతో పీకకుండా రెండు మూడు కణుపులు వదిలి కత్తిరిస్తే పక్క నుంచి మళ్లీ చిగురిస్తుంది. పాలకూర బయటి ఆకులే కోసుకుని నడిమి మొవ్వ వదిలేయాలి. పుదీనాకి గింజ అక్కర్లేదు. వంటకి తెచ్చిన కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే, వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. దానికి విడిగా కుండీ ఇవ్వండి. వేరే మొక్కతో కలిపి పెడితే తీగల్లాంటి కాడలు మట్టి కింద నుంచి పాకి మొత్తం ఆక్రమించేస్తాయి. ప్రతి కోత తర్వాతా గుప్పెడు ఎరువు వేయడం మర్చిపోవద్దు. నేలలో పెరిగే మొక్కలా కుండీ మొక్క వేళ్లు చాచి వెతుక్కోలేదు, మనం పోసే నీళ్లతో పాటు పోషకాలూ కొంత కొంత కొట్టుకుపోతుంటాయి.

టమాటా పువ్వు గురించి ఒక్క మాట. దాని పుప్పొడి పువ్వు నడుమ ఉన్న పసుపు గొట్టం లోపల ఉంటుంది. ఊగితేనే రాలుతుంది. బయట గాలీ తేనెటీగలూ ఆ పని చేస్తాయి. బాల్కనీలో రెండూ తక్కువ. అందుకని పూత మీద ఉన్నప్పుడు పొద్దున కాఫీ గ్లాసుతో బయటికి వెళ్లి గుత్తి వెనక కాడని వేలితో రెండుసార్లు మీటుతాను. ఎండ పడుతుంటే సన్నటి పసుపు పొడి రాలడం కనిపిస్తుంది. కాయ అడుగున నల్లగా, తోలులా మారితే అది తెగులు కాదు. కాయకి కాల్షియం అందలేదని అర్థం. మట్టిలో కాల్షియం లేకపోవడం కన్నా, ఒకరోజు ఎండబెట్టి మరో రోజు ముంచెత్తడం వల్లే అది ఎక్కువగా వస్తుంది. గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది, ఆ కాపుకి అవి ఉపయోగపడవు. నీళ్లు సమంగా పోస్తే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

మిరప నాకు చాలా టెన్షన్ పెట్టింది. బాగా ఎదిగిన మొక్క, మొవ్వులో ఆకులన్నీ ముడుచుకుపోయాయి. అమ్మని అడిగితే, "పైకి ముడుచుకున్నాయా, కిందికా?" అంది. అదే కీలకం. అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగులు. కిందికి ముడిచి బోర్లించినట్టయితే నల్లి, మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు. నా మొక్కవి పైకి లేచాయి. తెల్ల కాగితం కింద పెట్టి మొవ్వుని తట్టాను. సన్నటి గీతల్లాంటి పురుగులు కాగితం మీద పాకాయి. ముడత పడిన కొసలు తుంచేసి, ఆకుల అడుగు నుంచి గట్టిగా నీళ్లు కొట్టి, సాయంత్రం పూట లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేప నూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి చల్లాను. వారానికోసారి, మూడు వారాలు. కొత్త చిగుళ్లు చదునుగా వచ్చాయి. ఎండలో మాత్రం చల్లకూడదు, ఆకులు మాడతాయి.

ఇంకో సంగతి చెప్పాలి. మిరప మీద చీమలు వరస కట్టాయంటే చిగురు కింద పేనుబంక, అంటే రసం పీల్చే మెత్తటి చిన్న పురుగుల గుంపు, ఉన్నట్టే. అది విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. ఆ పేనుబంక మధ్య నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉన్న పురుగు ఒకటి తిరుగుతూ కనిపిస్తే ముట్టుకోవద్దు. అది అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల. పేనుబంకే దాని తిండి. మొదట్లో తెలియక అలాంటివి నాలుగైదు చంపేశాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

మానేసినవి కూడా ఉన్నాయి. నీళ్ల బాటిళ్లు కోసి గోడకి వరసగా వేలాడదీశాను. ఫొటోలో చాలా బాగుంది. కానీ ఒక్కోదాంట్లో అరలీటరు మట్టి కూడా పట్టదు, ఎండాకాలం మధ్యాహ్నానికే ఎండిపోయేది. రోజుకి మూడుసార్లు నీళ్లు పోసే తీరిక ఉంటేనే అది పెట్టుకోవాలి. సొర, గుమ్మడి లాంటి పాదులూ ఇక వద్దనుకున్నాను. వాటికి ఆడపువ్వు, మగపువ్వు విడివిడిగా ఉంటాయి. అంత చిన్న చోట రెండూ ఒకేసారి విచ్చుకోవడం అరుదు. ఒక తీగ ఆక్రమించే చోటులో మూడు మెంతి తొట్లు పడతాయి.

మొన్న డిసెంబరు వచ్చాక పుదీనా కాడలు సాగుతున్నట్టు అనిపించింది. కణుపుల మధ్య దూరం పెరిగింది. సూర్యుడు ఇప్పుడు తూర్పుకి బాగా దక్షిణంగా ఉదయిస్తున్నాడు. ఏప్రిల్ గీతలు డిసెంబరుకి పనికిరావు. సుద్దముక్క మళ్లీ తీసి తలుపు పక్కన పెట్టాను. ఈ ఆదివారం కుండీలు లోపలికి జరపాలి, ఎండ ఎదురింటి మేడ దాటే వేళకి బాల్కనీలో ఉండాలి. నేల ఇవాళే కడిగేశాను, పాత గీతలు పూర్తిగా పోయాయి.